బయలుదేరుటకు సిద్ధంగా ఉన్న నౌక

ఆ ఊరి బస్టాండులో ఇరవై ఏళ్ళుగా ఒకటే గొంతు. "దయచేసి వినండి" అని ఆ గొంతు మొదలుపెట్టిందంటే, బెంచీ మీద గుర్రుపెట్టి నిద్రపోతున్నవాడు సైతం ముందు సంచీ తడుముకుని ఆ తర్వాతే కళ్ళు తెరుస్తాడు. ఆ గొంతు గల మనిషిని అందరూ అనౌన్సరమ్మ అంటారు. ఆమె ఎలా ఉంటుందో మాత్రం ఊళ్ళో సగం మందికి తెలియదు. ప్లాట్‌ఫారాలకు ఎగువన, మెట్ల పక్కన, కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోనంత ఇరుకైన గాజు గదిలో ఆమె కొలువు. అక్కడి నుంచి ఆమెకు అందరూ కనిపిస్తారు, ఆమె ఎవరికీ కనిపించదు. దేవుడి ఉద్యోగం కూడా ఇలాంటిదేననీ, కాకపోతే ఆయనకు వేళకు టీ తెచ్చిచ్చేవాళ్ళు ఉండరనీ ఆమె నవ్వుకునేది.

ఇంటి దగ్గర మాత్రం ఆ గొంతుకు అంత మర్యాద లేదు. కారణం వదిన. భర్తకు అక్క, ఆయనకంటే తొమ్మిదేళ్ళు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. తల్లీతండ్రీ పోయాక తమ్ముణ్ణి తనే పెంచి, చదివించి, కళ్ళజోళ్ళ దుకాణం పెట్టించింది. ముప్పై నాలుగేళ్ళు బళ్ళో లెక్కలు చెప్పింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. లెక్కల టీచరు కాబట్టి ఈవిడ ఆ అర్ధాన్ని ముప్పావు దాకా లాగింది.

నిజం చెప్పాలంటే ఆ గొంతు వదిన పెట్టిన భిక్షే. బస్టాండులో ఉద్యోగం ఖాళీ పడిందని తెలిసిన రోజు నుంచి, మరదల్ని వెనక గదిలో కూర్చోబెట్టి, తను వీధి గుమ్మంలో నిలబడి, నెల రోజులపాటు బస్సుల వేళల పట్టీ చదివించింది. "చివరి మాట మింగుతున్నావు. ఊరి పేరే మింగేస్తే జనం ఎక్కడికి పోతారే? కూర్చో, మళ్ళీ చదువు." అలా చదివి చదివి పిల్లికూత లాంటి గొంతు గంటలా తేలింది. ఉద్యోగం వచ్చిన కాగితం చూపిస్తే వదిన అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, ఆలస్యంగా వెళ్ళకు" అంది. అంతే. ఇరవై ఏళ్ళలో బాగా చదివావన్న మాట ఆ నోటి నుంచి ఒక్కసారీ రాలేదు.

పైగా రిటైరైన ఈ ఆరేళ్ళ నుంచీ కొత్త వ్రతం పట్టింది. రోజూ సాయంత్రం ఐదింటికి చేతిసంచీ తగిలించుకుని బస్టాండుకు నడిచి వచ్చి, నాలుగో ప్లాట్‌ఫారం బెంచీ మీద గంటసేపు కూర్చుంటుంది. ఏ బస్సూ ఎక్కదు. ఆరింటికి లేచి ఇంటికి పోతుంది. భోజనాల దగ్గర ఆనాటి తప్పులు వడ్డిస్తుంది. "ఐదూ ఇరవై బస్సుకి ఊపిరి ముందే వదిలేశావు. ఐదూ నలభైకి జలుబు." తప్పులు పట్టడానికి ఇంత దూరం నడిచొచ్చే మనిషిని లోకంలో ఈవిడనొక్కదాన్నే చూశానని అనౌన్సరమ్మ మొగుడితో అనేది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నడక మంచిదేగా" అనేవాడు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో అక్కకూ పెళ్ళానికీ మధ్య ఆయన ఏనాడూ ఏ పక్షమూ చేరలేదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు.

బస్టాండుకు ఎదురుగా ఉన్న మేడ పైఅంతస్తులో కంప్యూటర్ ఆటలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి ఉంది. పన్నెండు మంది మనుషులు, పదమూడు టీ కప్పులు. అక్కడ ఆట కథ రాసే అమ్మాయికి ఇరవై ఎనిమిదేళ్ళు. జుట్టు ముడిలో ఎప్పుడూ పెన్సిలుంటుంది, అయినా అది కనిపించడం లేదని బల్లంతా వెతుకుతుంది. ఆటలమ్మాయి అంటే ఆమే. చిన్నప్పటి నుంచీ బస్సులో బడికి వెళ్ళిన పిల్ల కాబట్టి, తన ఆటలో ఒక నాయకురాలికి ప్రపంచంలోకెల్లా నమ్మదగిన గొంతు కావాలనుకున్నప్పుడు కిటికీలోంచి అది వినిపిస్తూనే ఉంది. రోడ్డు దాటి వచ్చి గాజు గది తలుపు తట్టింది.

ఆట ఇది. ఎక్కడో దూరాన ఒక గ్రహం. మనుషులు అక్కడ స్థిరపడి మూడు తరాలైంది, గాలి పలచబడుతోంది. ఆడేవాళ్ళు ఆ జనానికి పెద్ద. ముందు రెండు గంటలు గనులు నడపాలి, బావులు తవ్వించాలి, ఎవరికెంత గాలో పంచాలి, మీద పడే ఉల్కల్ని కూల్చాలి. చివరికి జనం రెండుగా చీలిపోతారు. మిగిలిన ఇంధనమంతా ఓడలో పోసుకుని వేరే గ్రహానికి పోదామంటారు ఓడవాళ్ళు. కాకపోతే ఓడలో మూడింట రెండొంతుల మందికే చోటు. అదే ఇంధనంతో గాలి యంత్రం బాగుచేసుకుని అందరం ఇక్కడే ఉందామంటారు నేలవాళ్ళు. కాకపోతే యంత్రం మూడేళ్ళు దాటి నడుస్తుందన్న పూచీ లేదు, పైగా ఎవరూ పారిపోకుండా తలుపులకు తాళాలు వేయాలి. ఓడ ఎక్కితే కొందర్ని వదిలేసినట్టు, ఉండిపోతే అందర్నీ పందెం ఒడ్డినట్టు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

"వంద మంది ఆడితే ఏ పక్షమూ అరవై దాటకూడదు ఆంటీ" అని చెప్పింది ఆటలమ్మాయి. "దాటిందంటే అది మనిషి ఆలోచించుకుని ఎంచుకున్నది కాదు, జవాబు ముందే అందించిన పరీక్ష. మూడో దారి వెతుక్కునేవాళ్ళుంటారు. ఆ దారులన్నీ మూసేశాను."

ఓడవాళ్ళ నాయకురాలి గొంతు అనౌన్సరమ్మది. తోడుగా వచ్చిన వదిన మొదటి రోజే రికార్డింగు గదిలో ఓ మూల కూర్చుంది. మూడు వాక్యాలు విని ఉండబట్టలేక, గాజు మీద వేలితో టకటకా కొట్టి, "కూర్చో. మళ్ళీ చదువు. పోదాం రండి అంటున్నావు, నీకే పోవాలని లేదు" అంది. ఆటలమ్మాయి జుట్టులోంచి పెన్సిలు ఊడి కింద పడింది. నేలవాళ్ళ నాయకురాలు దొరికింది.

ఆ రోజు నుంచి ఇంట్లో వదిన వేరే మనిషి. రిటైరయ్యాక ఆరేళ్ళుగా ఎవరూ చేయి ఎత్తి ప్రశ్న అడగని ఇంట్లో ఆవిడ లోలోపల ఎంత ఎండిపోయిందో, మళ్ళీ చిగురించాకే అందరికీ తెలిసింది. గీతల నోటుబుక్కు కొని తన మాటలన్నీ గుండ్రటి అక్షరాల్లో ఎత్తి రాసుకుంది. ఎక్కడ ఊపిరి పీల్చాలో ఎర్ర సిరాతో గీతలు పెట్టుకుంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ, "ఈ నేల మనకు ఊపిరిచ్చింది" అని అద్దంతో చెప్పేది. నోట్లోని పేస్టు నురుగు చింది అద్దం తడిసిపోయేది. నవ్వొచ్చినా అనౌన్సరమ్మ నవ్వలేదు. ముచ్చటేసింది.

ఇక ఆట అమ్మకానికి పోయే ముందు వంద మందితో ఆడించి చూడాలి. ఆ పని తను చూస్తానని అనౌన్సరమ్మ మాటిచ్చింది. నోటీసు తన గాజు గదికే అంటించి, బస్సుకూ బస్సుకూ మధ్య మైకులో నాలుగుసార్లు చదివింది. మూడు రోజుల్లో వంద మంది పేర్లిచ్చారు. దాదాపు అందరూ రోజూ బస్సెక్కేవాళ్ళే. ఆ చేసిన పని ఎంత తెలివితక్కువదో అప్పుడెవరికీ తట్టలేదు.

ఫలితం వచ్చింది. ఓడకు తొంభై ఒకటి. నేలకు ఎనిమిది. మిగిలిన ఒక్కరు అనౌన్సరమ్మ భర్త. ఆయన రెండు పక్షాలకూ ఇదిగో వస్తున్నానని చెప్పి, గ్రహం చుట్టూ తిరుగుతూ నీలం రాళ్ళు ఏరుకున్నాడు.

ఆటలమ్మాయి అనౌన్సరమ్మను ఒంటరిగా పిలిచి తలుపేసింది. బల్ల మీద వంద కాగితాలు పరిచింది. ఎందుకు ఆ పక్షం ఎంచుకున్నారో ఆడినవాళ్ళు రాసిన కారణాలు. మానవజాతి భవిష్యత్తు కోసం అని ఒకరు, భావోద్వేగం కన్నా వివేకం ముఖ్యమని ఒకరు, ఆ నాయకురాలి కంఠంలో సత్యం వినిపించిందని ముగ్గురు.

"చూశారా ఆంటీ? మీ గొంతు అంత పని చేసింది. మా పైవాళ్ళు మీ రికార్డింగు విని మతిపోయారు. ఆట మొత్తానికి కథ చెప్పే గొంతు కూడా మీదే ఉండాలంటున్నారు." ఆ మాట వరకూ ఆటలమ్మాయి మొహం వెలుగుతూనే ఉంది. తర్వాత గొంతు తగ్గించింది. "కాకపోతే టీచరుగారి గొంతు తేలిపోతోంది. నేలవాళ్ళ మాటలు మళ్ళీ రాసిచ్చాను, నిన్న చదివారు కూడా. శనివారం కొత్తగా ఇరవై మందితో ఆడిస్తున్నాం. అప్పుడూ ఇలాగే ఉంటే సోమవారం గొంతు మార్చేయక తప్పదు. నేను చెప్పలేను ఆంటీ. మీరే మెల్లిగా..."

అనౌన్సరమ్మ మెట్లు దిగుతుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. వందలో తొంభై ఒకటి. ఇరవై ఏళ్ళు బస్సుల పేర్లు చదివిన తను, నాలుగు వాక్యాలతో తొంభై ఒక్క మంది మనసు తిప్పేసింది. వదిన సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది, అదీ నిజమే. కానీ సంతోషం ముందు నడిచింది, బాధ వెనకాల వచ్చింది. ఇంటికెళ్ళేసరికి వదిన గుమ్మంలోనే అడిగింది.

"నా లెక్క ఎలా వచ్చిందటే?"

"ఇంకా కూడలేదట వదినా" అంది అనౌన్సరమ్మ. కూడిక రాని కంప్యూటర్ కంపెనీ ఎక్కడుంటుందని లెక్కల టీచరు అడగలేదు. ఆ అడగకపోవడమే గుచ్చుకుంది.

శనివారం పొద్దున, మనసొప్పక, ఆడించే గదికి తనూ వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. కంపెనీ వాళ్ళందరూ పక్క గదిలో అంకెలు చూసుకుంటున్నారు. ఇక్కడ ఇరవై మంది చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని తెరల్లోకి చూస్తూ ఉల్కల్ని కొడుతున్నారు. ఒక్కొక్కరే ఆట చివరికి వచ్చారు. ముందు వరసలో నర్సు బట్టల్లో ఉన్నావిడ తెర మీద ఓడ కనిపించింది. తన గొంతు ఆవిడ చెవిలో పడుతున్న క్షణమది. నర్సు ఎడమ చేయి కుర్చీ కిందికి పోయి సంచీ పట్టుకుంది.

అనౌన్సరమ్మ కళ్ళు చిట్లించింది. పక్క కుర్చీలో పెద్దాయన తన ఓడ రాగానే మణికట్టు చూసుకున్నాడు. అటు పక్క ఒకాయన సగం తిన్న బిస్కట్ల పొట్లం గబగబా చుట్టి జేబులో వేసుకున్నాడు. మరొకావిడైతే లేచి నిలబడే పోయింది. ఎందుకు లేచిందో తనకే తెలియక, చీర సర్దుకున్నట్టు నటించి కూర్చుంది. అందరూ టకటకా ఓడ బొమ్మ నొక్కారు.

ఈ చేతులు, ఈ చూపులు ఆమెకు కొత్త కాదు. ఇరవై ఏళ్ళుగా గాజు గదిలోంచి రోజూ చూస్తున్నవే. ఎవరూ మానవజాతి భవిష్యత్తు గురించి ఆలోచించడం లేదు. బస్సు తప్పిపోతుందేమోనని కంగారు పడుతున్నారు. ఆట చివర ఆమె చదివిన మాట ఏమిటి? "దయచేసి వినండి. నౌక బయలుదేరుటకు సిద్ధంగా ఉంది." ఈ ఊళ్ళో ఆ గొంతు ఆ మాట అన్నాక కూర్చున్నవాడు లేడు.

కాళ్ళ కింద నేల అప్పుడు ఆనింది, గట్టిగానే. తొంభై ఒకటిలో తన కళ ఎంతో, అలవాటు ఎంతో ఎవరు తేలుస్తారు? చెబితే వదిన గొంతు నిలుస్తుంది. చెబితే తనది పోతుంది. కథ చెప్పే పని సరే, ఓడవాళ్ళ నాయకురాలి పని కూడా ఊడొచ్చు. లోపం వదినలో లేదు, తనలోనే ఉందంటారు. పక్క గదిలోంచి ఆటలమ్మాయి తల బయటపెట్టి, "పద్దెనిమిది ఆంటీ, ఇరవైలో" అంది దిగులుగా. అనౌన్సరమ్మ తను చూసింది చెప్పకుండా, బస్సు వేళైందని వచ్చేసింది. మైకు ముందు ఇరవై ఏళ్ళలో మొదటిసారి చివరి మాట మింగింది.

ఆ సాయంత్రం ఇంట్లో అడుగుపెడుతూనే వదిన వెనక గదిలోంచి పిలిచింది.

"కూర్చో."

కూర్చుంది. వదిన ఒళ్ళో గీతల నోటుబుక్కు ఉంది.

"నీ చివరి మాటలు ఇవాళ ఆ అమ్మాయిని అడిగి విన్నాను. మొత్తం విన్నాను." నోటుబుక్కు అంచు సవరించింది. "బాగా చదివావు."

ఇరవై ఏళ్ళు ఎదురుచూసిన మాట, రాకరాక ఇవాళే రావాలా? అనౌన్సరమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు వదినకు ఇంకోలా అర్థమయ్యాయి.

"ఏడవకు. నువ్వు దాస్తే దాగుతుందా? నా లెక్క తప్పిందని ఆ పిల్ల మొహంలోనే రాసుంది. మార్చుకుంటే మార్చుకోమను. నేను నేర్పింది నీ దగ్గరైనా పనికొచ్చింది, నాకదే చాలు." నోటుబుక్కు మూసి, బీరువా మీద పాత హాజరు పట్టీల కట్ట పక్కన పెట్టింది. ఎర్ర సిరా పెన్నుకు మూత బిగించింది. తలుపు దగ్గరకెళ్ళి ఆగి, "మధ్యాహ్నం బస్సుకి చివరి మాట మింగావట, టీ కొట్టాయన చెప్పాడు" అంది. అలవాటు ఎక్కడికి పోతుంది.

అనౌన్సరమ్మ చెప్పులేసుకుని తిన్నగా దుకాణానికి నడిచింది. భర్త ఒక చిన్న మరమేకు బిగిస్తూ భూతద్దంలోంచి తల ఎత్తాడు. ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను గుమ్మడికాయంతగా కనిపించింది. జరిగిందంతా చెప్పి, "మీరేమంటారండీ?" అని అడిగింది. అడుగుతూనే అనవసరంగా అడిగాననుకుంది.

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ ఆటలో నేను ఎటూ చేరకుండా తిరిగాను చూడు. చివరికి ఏమైందో తెలుసా?"

"రాళ్ళు ఏరుకున్నారు."

"నూట నలభై రాళ్ళు ఏరాను. ఈలోపు గాలి అయిపోయింది. అందరూ పోయారు, నాతో సహా. ఓడ అక్కడే ఉంది, యంత్రమూ అక్కడే ఉంది, ఇంధనం ఒక్క చుక్క కూడా ఖర్చు కాలేదు." మరమేకు బిగించాడు. "ఇంతకీ నేనేమీ అన్లేదు."

గోడ మీది పిల్లి జీవితంలో మొదటిసారి ఒక పక్కకు దూకింది. దూకినట్టు ఎవరికీ చెప్పవద్దంది, అంతే.

సోమవారం పొద్దున అనౌన్సరమ్మ వదినను బలవంతంగా కంపెనీకి లాక్కొచ్చింది. ఒక్క మాట చెప్పాలి, అది మీరుండగా చెప్పాలి అంది. ఆడించే గదిలో ఆ రోజు ఆటకు పిలిచిన మరో ఇరవై మంది అప్పుడే వచ్చి కూర్చుంటున్నారు, హెడ్‌ఫోన్లు ఇంకా పెట్టుకోలేదు. గోడవారగా ఆటలమ్మాయి, ఆమె పక్కన మొహం ముడుచుకుని వదిన. తమ్ముడు కూడా దుకాణం మూసి వచ్చి తలుపు చాటున నిలబడ్డాడు, లోపలా కాదు, బయటా కాదు.

"తొంభై ఒకటి నా గొప్ప కాదమ్మా" అంది అనౌన్సరమ్మ. "చూడు." గది మధ్యకు నడిచి, చేతులు ముందు కట్టుకుని, ఇరవై ఏళ్ళుగా పలికినట్టే పలికింది. "దయచేసి వినండి. నాలుగో వరసలోని కుర్చీలు బయలుదేరుటకు సిద్ధంగా ఉన్నాయి."

అందులో అర్థం ఏమిటని ఒక్కరూ అడగలేదు. ఇరవైలో పదిహేడు మంది సంచీలు అందుకుని లేచారు. ఇద్దరు నాలుగో వరసకేసి పరుగెత్తారు. ఒకావిడ పక్కావిడను, "ఇది నేరుగా పోతుందా, మధ్యలో మారాలా?" అని కూడా అడిగింది. కుర్చీలు కింద పడ్డాయి. ఒక పెద్దాయన ఎవరి గొడుగో పట్టుకుని లేచాడు.

"కూర్చోండి."

అది వదిన. గొంతు పెంచలేదు కూడా. ముప్పై నాలుగేళ్ళ లెక్కల క్లాసు ఆ ఒక్క మాటలో ఉంది. ఇరవై మందీ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. ఆటలమ్మాయి కుర్చీ లేకుండానే కూర్చోబోయి గోడ పట్టుకుంది. తలుపు చాటు తమ్ముడు గడప మీద కూర్చుండిపోయాడు.

తర్వాత ఎవరు ముందు నవ్వారో తెలియదు, గది గదంతా నవ్వింది. ఆటలమ్మాయి నవ్వుతూనే కన్నీళ్ళు తుడుచుకుంది. రెండేళ్ళు కూర్చుని, త్రాసు సూది కదలకుండా రాసిన నీతి ప్రశ్నకు ఊరంతా బస్సెక్కేసి జవాబిచ్చిందని తెలిస్తే ఎవరికైనా ఏడుపే వస్తుంది.

"మరి ఇది మీరెందుకు చెప్పారాంటీ?" అంది చివరికి. "వేరే ఊళ్ళో మళ్ళీ ఆడించాలిక. మీరెవరో తెలియనివాళ్ళతో. అక్కడ మీ ఓడ ఎవరూ ఎక్కకపోతే నేను మార్చాల్సింది మిమ్మల్ని."

"తెలుసు" అంది అనౌన్సరమ్మ. చెప్పాక గుండె తేలికైంది, గర్వం మాత్రం కాస్త మూలిగింది. వదిన వైపు తిరిగింది. "శనివారం మీరన్న మాట వెనక్కి తీసుకోండి వదినా. అది నా చదువుకి కాదు, బస్టాండుకి."

వదిన ఆమెను ఎగాదిగా చూసింది. "వెనక్కేమీ తీసుకోను. మార్కులు ఆపి ఉంచుతున్నాను. పొరుగూరి పరీక్ష రానీ." ఇంటికి పోగానే స్టూలెక్కి బీరువా మీది నోటుబుక్కు దింపింది.

ఆటలమ్మాయి ఎక్కడెక్కడో వాకబు చేసి, పడవలు తప్ప బస్సన్నదే లేని ఒక దీవిని పట్టుకుంది. అక్కడ వంద మందితో ఆడించింది. పన్నెండు రోజులకు ఫలితం తెచ్చి, ఈసారి తలుపేయకుండా, ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి చదివింది. నేలకు యాభై మూడు. ఓడకు నలభై ఏడు.

"రెండూ ప్రధాన సంఖ్యలే" అంది వదిన. ఎంత ఆపుకున్నా పెదాల చివర్లు పైకి లేచాయి. "ఆరు ఎక్కువ నాకు."

"కథ చెప్పే గొంతు సంగతి?" అంది అనౌన్సరమ్మ, వినపడీ వినపడనట్టు.

"దానికి మాత్రం ఏ పక్షం గొంతూ ఉండకూడదని నిర్ణయించాం ఆంటీ. వేరేవాళ్ళని చూస్తున్నాం." ఆటలమ్మాయి నొచ్చుకుంటూ చెప్పింది. అనౌన్సరమ్మ తలూపింది. బాధ వేయలేదంటే అబద్ధం. దారిలో వదిన ఆమె భుజం మీద చేయి వేసి, "నలభై ఏడంటే పాసే" అంది. ఆపి ఉంచిన మార్కులు అవేనని అనౌన్సరమ్మ సరిపెట్టుకుంది.

ఆట తయారైంది. ఆటలమ్మాయి ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ మోసుకొచ్చి వాళ్ళ ముందు గదిలో పెట్టి వెళ్ళింది. వదిన ఆడతానంది. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఆవిడ ఒక్కసారీ ఆడలేదు. తమ్ముడు కొత్తగా చేయించిన కళ్ళజోడు పెట్టుకుని, చేతిసంచీ కుర్చీ పక్కన పెట్టుకుని, వెన్ను నిటారుగా కూర్చుంది. మామూలువాళ్ళకు రెండు గంటలు పట్టే ఆట ఆవిడకు నాలుగు గంటలు పట్టింది. గాలి పంచేటప్పుడు మూడో దశాంశం దాకా లెక్కకట్టింది. బావుల దగ్గర వరస తప్పిన బొమ్మల మీద కోప్పడింది. అనౌన్సరమ్మ పక్కన కూర్చుని ఉల్కలు వస్తున్నాయని చెబుతూ వచ్చింది. తమ్ముడు రెండుసార్లు టీ ఇచ్చాడు. చివరి ఘట్టం రాగానే చక్కెర అయిపోయిందని వంటింట్లోకి జారుకున్నాడు.

తెర రెండుగా చీలింది. ముందు వదిన గొంతే పలికింది. "ఈ నేల మనకు ఊపిరిచ్చింది. ఎవరినీ వదలకుండా ఇక్కడే ఉందాం." యాభై మూడు మంది ఎందుకు ఆగిపోయారో అనౌన్సరమ్మకు అప్పుడు తెలిసింది. తనైనా ఆగిపోయేది. ఆ మనిషి బతుకంతా అలా ఆగిపోయి, ఇంటిని నిలబెట్టినదే కదా.

తర్వాత తన గొంతు వచ్చింది. "దయచేసి వినండి. నౌక బయలుదేరుటకు సిద్ధంగా ఉంది."

వదిన నేల గుర్తు మీదికి తెచ్చిన బాణాన్ని ఆపింది. కాసేపు తెర వంకే చూసింది. బాణం మెల్లిగా పక్కకు జరిగింది. ఓడ మీద నొక్కింది.

"అదేంటి వదినా" అంది అనౌన్సరమ్మ. "మీ మాట మీరే వినలేదా?"

"లెక్క ప్రకారం తప్పే" అంది వదిన. తెర మీద ఓడ నిప్పులు కక్కుతూ నేల నుంచి లేస్తోంది. "తప్పు లెక్క చేయడం ఇదే మొదటిసారి."

"మరెందుకు ఎక్కారు?"

వదిన కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాల మీద ఏమీ లేకపోయినా. అప్పుడు చూసింది అనౌన్సరమ్మ. వదిన ఎడమ చేయి ఎప్పుడు కిందికి పోయిందో, కుర్చీ పక్కనున్న చేతిసంచీని గట్టిగా పట్టుకుని ఉంది.

"ఆరేళ్ళు ఆ బెంచీ మీద కూర్చుని నువ్వు పిలుస్తుంటే విన్నానే" అంది వదిన. "ఒక్క బస్సూ ఎక్కలేదు. ఇదొక్కటీ ఎక్కనీ."